ఈదన్న తాడు

నల్లమల కొండల నడుమ ఎర్రబండ పెంట అనే చిన్న చెంచుగూడెంలో ఈదన్న అనే తేనె పట్టేవాడు ఉండేవాడు. నిట్టనిలువు కొండ అంచున నిలబడి కూడా బెదరని మనిషే గానీ, తన తప్పు ఎవరైనా ఎత్తి చూపితే మాత్రం ఒంటికి కారం రాసినట్టు గింజుకునేవాడు.

తేనె పట్టడమంటే అంగడికి పోయి సీసా కొనుక్కున్నంత సులువు అనుకునేరు! ఎర్రబండ పెంట దగ్గర గద్దల బండ అని ఒక కొండచరియ ఉంది. ఐదారు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. దాని పొట్ట లోపలికి పోయి ఉంటుంది. ఆ పొట్ట కింద చేటలంత తేనెపట్లు నల్లగా వేలాడుతుంటాయి. కొండ తేనెటీగలండీ అవి, పెరట్లో తిరిగేవి కావు. పది కుడితే మనిషి మంచం పడతాడు. వంద కుడితే లేవడు. పైన చెట్టుకు తాడు కట్టి, ఆ తాడుకు వేలాడే చెక్క మీద కూర్చుని, ఒక చేత్తో పొగ పెట్టుకుంటూ, ఇంకో చేత్తో వెదురు గడకు కట్టిన కత్తితో పట్టు కోసి డబ్బాలో వేసుకోవాలి. కింద ఏముంది? గాలి. గాలి కింద బండరాళ్లు.

అందుకని ఆ పెంటలో, అంటే ఆ గూడెంలో, ఒక కట్టుబాటు ఉండేది. దిగేవాడు ఎవరైనా సరే, పైన తాడు పట్టేవాడు మాత్రం వాడి బావమరిదే అయి ఉండాలి. సొంత అన్నదమ్ములకు కూడా ఇచ్చేవాళ్లు కాదు. ఎందుకంటారా? అన్నదమ్ముల మధ్య వాటాలుంటాయి, పాత పంతాలుంటాయి. బావమరిదికైతే కింద వేలాడేది అక్క మొగుడు. ఆ తాడు జారితే తన అక్క నుదుటి బొట్టే జారుతుంది. కాబట్టి చెయ్యి వణికినా వాడు తాడు వదలడు. వాళ్ల లెక్క అది. చదువుకున్నవాళ్లు కూడా ఇంత దూరం ఆలోచించరేమో!

ఈదన్న బావమరిది పేరు బయ్యన్న. ఈదన్న భార్య గురువమ్మకు తమ్ముడు. ఈదన్న చెల్లెలు పోతమ్మను బయ్యన్నకే ఇచ్చారు. అంటే ఈ ఇంటి పిల్ల ఆ ఇంట్లో, ఆ ఇంటి పిల్ల ఈ ఇంట్లో. రెండు వైపులా ఒకరికి ఒకరు బావలే అన్నమాట.

బయ్యన్న వయసులో చిన్నవాడే గానీ బుద్ధిలో ముసలివాడు. అన్నం తినేటప్పుడు కూడా ముద్దను ఒకటికి రెండుసార్లు చూసుకుని నోట్లో పెట్టుకునేవాడు. ఇక తాడు సంగతి చెప్పాలా? తేనె పట్టే రోజు పొద్దున్నే తాడంతా నేల మీద పరిచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా జానెడు జానెడు వేళ్లతో తడిమి చూసేవాడు. కొండ అంచున తాడు రాతికి ఒరుసుకోకుండా పాత గోనెపట్టాను నాలుగు మడతలు పెట్టి కింద వేసేవాడు. ముడి వేసి, ఆ ముడి మీద తనే కూర్చుని ఊగి చూసేవాడు. అంతా అయ్యాక, ఈదన్న దిగబోతుంటే, "బావా, ఒక్క నిమిషం," అనేవాడు.

ఆ మాట వింటే ఈదన్నకు చిర్రెత్తేది.

"నీ ఒక్క నిమిషంలో పట్టులో తేనె ఎండిపోద్దిరా! ఇంకా ఏందంట?"

"ఏం లేదు బావా. నీ మొలకున్న కత్తి ఒర సరిగా లేదు. ఊగినప్పుడు తాడుకు తగులుద్ది."

"నువ్వు నన్ను దించుతున్నావా, పెళ్లికొడుకును చేస్తున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. బయ్యన్న కూడా నవ్వేవాడు. నవ్వుతూనే కత్తి ఒర వెనక్కి జరిపేవాడు. ఇంకో మాట కూడా ప్రతిసారీ చెప్పేవాడు. "బావా, ఒక పట్టు కోసినాక పక్క పట్టు కోసం ఊగబాక. నువ్వు ఊగితే పైన అంచు మీద తాడు రంపంలా ఆడుద్ది. పైకి రా. చోటు మార్చి మళ్లీ కడతా." అలా చేస్తే ఒక పూట పోయేది. అయినా బయ్యన్న వదిలేవాడు కాదు.

అలా ఏడేళ్లు గడిచాయి. ఏడేళ్లలో ఈదన్న ఒంటి మీద ఈగలు కుట్టిన మచ్చలున్నాయి గానీ, గీత పడిన గాయం ఒక్కటి లేదు. దాన్ని ఈదన్న ఏమనుకున్నాడంటారు? తన గొప్పతనం అనుకున్నాడు.

ఒక ఏడు ఎండాకాలం మొదట్లో పక్క పెంటవాళ్లు కూడా గద్దల బండకు వచ్చారు. నలభై మంది దాకా చేరారు. అంత మంది ముందు దిగాలని ఈదన్నకు మహా ఉబలాటంగా ఉంది. తలకు కొత్త గుడ్డ చుట్టుకున్నాడు. పొగ కట్ట వెలిగించుకున్నాడు. అప్పుడు బయ్యన్న తాడు తడుముతూ తడుముతూ ఒకచోట ఆగాడు.

"బావా, ఒక్క నిమిషం. ఇక్కడ ఎలక కొరికింది. ఇయ్యాల దిగొద్దు. ఈ ముక్క కోసి, మళ్లీ పేనాల."

"ఎక్కడ? నాకేం కనపడటం లేదే!"

"వేలు పెట్టి చూడు, తెలుస్తది."

ఈదన్న వేలు పెట్టలేదు. నలభై మంది చూస్తుంటే వేలు ఎలా పెడతాడు? పక్క పెంటవాడొకడు, "ఏం ఈదన్నా, మీ బామ్మర్ది సెలవిస్తేనే కొండ దిగుతావా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఈదన్న ముఖం మాడిపోయింది. బయ్యన్న మాత్రం ఎవరి వంకా చూడకుండా, తాడు ఒళ్లో పెట్టుకుని, కొరికిన ముక్క కోసి పారేసి, మళ్లీ పేనుతూ కూర్చున్నాడు. ఆ పేనడం అయ్యేసరికి పొద్దు వాలింది. ఈలోగా పక్క పెంటవాళ్లు అవతలి మూలన ఉన్న పెద్ద పట్టు కోసుకుని, పాటలు పాడుకుంటూ వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి బయ్యన్న మొహం చూస్తేనే ఈదన్నకు కడుపు మండేది. తన ప్రాణం కాపాడాడన్న సంగతి గుర్తు లేదు. తనను నలుగురిలో నవ్వులపాలు చేశాడన్నదే గుర్తుంది. మనుషులింతేనండీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణ అవతలి ఒడ్డు నుంచి కాటరాజు అనేవాడు ఆ పెంటకు వచ్చాడు. మంచివాడే, పనిమంతుడే. చెట్టెక్కుతాడు, కొండెక్కుతాడు. నోరు మాత్రం బెల్లం పాకం. ఎవరిని చూస్తే వాళ్లను మెచ్చుకోవడం వాడికి ఊపిరి తీసుకున్నంత అలవాటు.

"బావా, నువ్వు బండ మీద నడుస్తుంటే బండే వణుకుద్ది!" అనేవాడు ఈదన్నతో.

"ఛ, ఊరుకోరా!" అనేవాడు ఈదన్న, ఇంకోసారి అంటాడేమోనని చెవి అటే పెట్టి.

"ఒట్టు బావా! ఆ ఈగలు నిన్ను చూస్తే లేచి నిలబడి, 'రాండి దొరా, ఏ పట్టు కావాల్నో చెప్పండి' అంటయ్!"

ఈదన్న నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేవాడు. గురువమ్మను కాటరాజు "అక్కా" అని పిలిచేవాడు. పిలిచి, పొయ్యి దగ్గరే కూర్చుని, రాగి సంకటి తిని, "అక్క చేతి సంకటి తింటే నాలుగు కొండలు ఎక్కొచ్చు," అనేవాడు. గురువమ్మ మాత్రం నవ్వేది కాదు. సంకటి ఇంకాస్త వడ్డించి ఊరుకునేది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కాటరాజు నోరు జారాడు. ఇద్దరూ చిన్న కొండ ఒకటి ఎక్కుతున్నారు. ఈదన్న వేసిన ముడి చూసి కాటరాజు, "బావా, ఆ ముడి కొంచెం వదులుగా ఉన్నట్టుంది," అన్నాడు. అంతే! ఈదన్న ముఖం నల్లబడింది. ముడి సరిచేసుకోలేదు సరికదా, "నువ్వు కూడా మొదలుపెట్టినావా?" అని రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు కాటరాజే వచ్చి, "బావా, ఆ ముడి నేనే సరిగా చూడలేదులే. నీ ముడికి ఏనుగును కట్టొచ్చు," అన్నాడు. ఈదన్న కరిగిపోయి వాణ్ణి కౌగిలించుకున్నాడు.

ఆ రోజుతో కాటరాజు ఒక పాఠం నేర్చుకున్నాడు. ఈదన్న దగ్గర కూర్చోవాలంటే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో బాగా నేర్చుకున్నాడు. నేర్పినవాడు ఈదన్నే.

వేసవి ముదిరింది. గద్దల బండ కింద రెండు పెద్ద పట్లు నిండాయి. ఈదన్న పెంట వాళ్లందరినీ పిలిచి, "ఈసారి నా తాడు కాటరాజు పడతాడు," అన్నాడు.

పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అదెట్లా కుదురుద్ది ఈదన్నా? తాడు పట్టాల్సింది బామ్మర్ది గదా!"

"కాటరాజు గురువమ్మను ఏమని పిలుస్తాడు? అక్కా అంటాడు. నన్నేమంటాడు? బావా అంటాడు. మరి నాకు బామ్మర్ది కాకుండా ఇంకేమవుతాడు? వరస కలిసింది, కట్టుబాటు తప్పలేదు!"

ఈ తెలివికి ఈదన్నే మురిసిపోయాడు. అప్పుడు గురువమ్మ లేచింది.

"అక్కా అని పిలవడానికేముంది? నోరు తెరిస్తే చాలు. సంతలో గాజులమ్మేవాడు కూడా నన్ను అక్కా అనే పిలుస్తాడు. వాడి చేతికిస్తావా తాడు?"

నలుగురు నవ్వారు. ఈదన్నకు ఆ నవ్వే చాలు, ఇంకా మొండికెత్తడానికి. "నీ తమ్ముడు నన్ను దించడు, దించనివ్వడు. ముసలమ్మలా పొద్దంతా తాడు నిమురుతా కూర్చుంటాడు. కాటరాజుకు నా మీద నమ్మకముంది. ఈడికి లేదు!"

బయ్యన్న లేచాడు. గుడిసెలోకి వెళ్లి తాడు తెచ్చాడు. దానితో పాటు నాలుగు మడతల గోనెపట్టా తెచ్చాడు. రెండూ కాటరాజు చేతుల్లో పెట్టి, "తాడు నిన్ననే చూసినా. బాగుంది. పట్టా మాత్రం అంచున వెయ్యి. బావను పక్కకు ఊగనియ్యబాక. ఏం కనపడినా గట్టిగా అరువు," అన్నాడు.

"చాల్లేరా పాఠాలు!" అన్నాడు ఈదన్న. పట్టా తీసి గురువమ్మ కాళ్ల దగ్గరకు విసిరాడు. "పరుపేసుకుని పడుకోడానికి పోతన్నామా?"

మర్నాడు పొద్దున ఈదన్న, కాటరాజు ఇద్దరే గద్దల బండ ఎక్కారు. "చూసేవాళ్లెవరూ వద్దు. తేనె దిగినాక డబ్బాలు మొయ్యడానికి రండి చాలు," అని ఈదన్న ముందే చెప్పాడు.

చెట్టు మొదట్లో తాడు రెండు చుట్లు చుట్టారు. ఎవరూ తడమలేదు, ఎవరూ ఊగి చూడలేదు, ఎవరూ "ఒక్క నిమిషం" అనలేదు. ఈదన్నకు ఎంత హాయిగా ఉందో! ఏడేళ్లలో మొదటిసారి పండగకు పోతున్నట్టు కొండ దిగాడు.

"ఎట్లుందిరా పైన?" అని అరిచాడు.

"బ్రహ్మాండం బావా!" అని జవాబు వచ్చింది.

పొగ పెట్టాడు. ఈగలు బుస్సుమని లేచి, పక్కకు జరిగాయి. మొదటి పట్టు కోశాడు. తేనె గడ మీదుగా జారి మోచేతి దాకా కారింది. డబ్బా నిండింది. కాటరాజు డబ్బా పైకి లాగి, ఖాళీ డబ్బా దించాడు. అంతా వెన్నలా సాగిపోతోంది. రెండో పట్టు పక్కకు రెండు బారల దూరంలో ఉంది. పైకి వెళ్లి, చోటు మార్చి మళ్లీ దిగాలంటే పూట పోతుంది. ఈదన్న కాలితో బండను తన్ని ఊగాడు. అందలేదు. ఇంకా గట్టిగా తన్ని ఊగాడు. వేళ్ల కొసకు అంది తప్పిపోయింది. అలా ఆరేడుసార్లు ఊగాడు. మధ్యలో ఎందుకో తాడు కొంచెం అదిరినట్టు అనిపించింది.

"ఒరేయ్ కాటరాజూ, అంతా బాగుందా?"

పైన ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత కాటరాజు గొంతు వినబడింది. "బాగుంది బావా! నీలాంటోడు నల్లమలలో లేడు!"

ఈదన్న నవ్వుకున్నాడు. ఇంకోసారి తన్ని ఊగాడు. ఈసారి పట్టు చేతికందింది. అదే ఊపులో పైన ఫట్‌మని ఒక చప్పుడైంది.

అదృష్టమో దురదృష్టమో గానీ, ఇద్దరు మనుషుల ఎత్తు కింద చరియలో ఒక రాతి మెట్టు ఉంది. ఈదన్న దాని మీద పడ్డాడు. కుడి మోకాలు కింద పడింది, ఒళ్లంతా దాని మీద పడింది. పొగ కట్ట చేయి జారి లోయలోకి పోయింది. పొగ లేకపోతే ఈగలు ఊరుకుంటాయా? తలగుడ్డ ముఖానికి చుట్టుకుని, రాతికి అతుక్కుని, కేక వేయడానికి కూడా నోరు తెరవలేక అలాగే ఉండిపోయాడు.

కాటరాజు పైనుంచి "బావా!" అని ఒక్క కేక వేశాడు. ఈగలు పైకి కూడా వచ్చాయి. వాడు పరుగు లంకించుకున్నాడు. పెంటలో బయ్యన్న వెదురు చీలుస్తున్నాడు. కాటరాజు వాడి ముందు నిలబడి నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. మాటల పుట్ట లాంటి వాడికి పుట్టి బుద్ధెరిగాక మాట రాకపోవడం అదే మొదటిసారి. బయ్యన్నకు మాట అక్కర్లేకపోయింది. గుడిసెలో ఉన్న ఇంకో పాత తాడు భుజాన వేసుకున్నాడు. ముందురోజు ఈదన్న విసిరేసిన ఆ గోనెపట్టా తీసుకున్నాడు. "అక్కా, రా!" అన్నాడు.

గురువమ్మా పోతమ్మా పైన తాడు పట్టారు. బయ్యన్న తనే కిందికి దిగాడు. ఈదన్నను తన నడుముకు కట్టుకున్నాడు. పెంట జనమంతా కలిసి లాగారు. పైకి వచ్చేసరికి బయ్యన్న రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. కట్లు విప్పబోతే మాత్రం, ముడులు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తడుముకుని తనే విప్పాడు.

దుప్పటితో డోలీ కట్టి ఈదన్నను రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. "కర్ర పట్టుకుని నడవొచ్చు. ఎక్కడాలు దిగడాలు మర్చిపో," అన్నాడు డాక్టరు.

ఒకనాడు కాటరాజు నాలుగు జామపళ్లు మూటకట్టుకుని చూడడానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని తల వంచుకున్నాడు.

"బావా, నీ రంగు బాగా తేలింది. నాలుగు రోజుల్లో లేచి..."

"ఒరేయ్," అన్నాడు ఈదన్న, "నాకు ఒకటి చెప్పు. తాడు ఒక్కసారే తెగదు. ఒక పురి లేస్తది, తర్వాత ఇంకోటి లేస్తది. నువ్వు చూడలేదా?"

కాటరాజు జామపండు వంక చూశాడు.

"చూసినా బావా."

"చూసినావా?"

"నువ్వు రెండోసారి ఊగినప్పుడే ఒక పురి లేచింది. అంతా బాగుందా అని అడిగినావే, అప్పటికి రెండు లేచినయ్."

"మరి బాగుందన్నావేందిరా?"

"నువ్వు అంత సంతోషంగా ఉంటివి. ఊగొద్దు, పైకి రా అంటే నీకు కోపమొస్తది గదా! ముడి గురించి అన్నప్పుడు రెండు దినాలు మాట్లాడకపోతివి. ఇంకో రెండు ఊపులకు ఏం కాదులే, పని అయినాక చెప్పొచ్చులే అనుకున్నా." వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ మీద ప్రేమతోనే బావా, ఒట్టు!"

ఆ ఒట్టు అబద్ధం కాదు. ఈదన్నకు ఆ సంగతి తెలుసు. అదే వాడికి అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. తిట్టడానికి నోరు తెరిచాడు గానీ, ఎవరిని తిట్టాలో తెలియక మూసుకున్నాడు. కాటరాజు కాసేపు కూర్చుని, జామపళ్లు పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎర్రబండ పెంటలో కనబడలేదు. ఇంకో కొండ దగ్గర ఇంకో తేనెవాడి పక్కన చేరాడని విన్నారు. "బావా, నీలాంటోడు లేడు," అంటున్నాడట, మునుపటిలాగే.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. గద్దల బండ కింద పట్లు నిండాయి. పెంటలో దిగేవాడు లేడు. బయ్యన్నే దిగుతానన్నాడు. మరి వాడి తాడు ఎవరు పట్టాలి? వాడి భార్య పోతమ్మ ఈదన్న చెల్లెలు. కట్టుబాటు ప్రకారం బయ్యన్న తాడు పట్టాల్సిన బావమరిది ఈదన్నే!

ఆ మాట అనుకోగానే ఈదన్నకు ప్రాణం లేచొచ్చింది. నెలల తరబడి గుడిసె ముందు కూర్చుని చీమల్ని చూసిన మనిషి మరి. "కాలు పోతే పోయింది. చేతులున్నాయిగా! కూర్చుని పట్టే పనే గదా!" అని గురువమ్మతో పదిసార్లు అన్నాడు. "ఇకమీదట ఎవరేం చెప్పినా వింటా. ఆ బుద్ధి పోయిందే, కాలుతో పాటే పోయింది." గురువమ్మ వాడి ముఖంలోకి చూసి, "పోతే మంచిదే," అంది.

పెద్దవాళ్లు సరేనన్నారు. బయ్యన్న కూడా సరేనన్నాడు. పోతమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. దిగే రోజు పొద్దున ఈదన్నను ఇద్దరు మోసుకుని పైకి తీసుకెళ్లారు. చెట్టు మొదట్లో కూర్చోబెట్టారు. తాడు చేతికి రాగానే వాడి ఛాతీ ఉబ్బింది. మళ్లీ మనిషయ్యాడు!

బయ్యన్న అంచున పట్టా వేసి, వెనక్కి తిరిగి చూశాడు.

"బావా, కొంచెం వెనక్కి జరుగు. తాడు తిన్నగా రావడం లేదు."

"జరుగుతా, జరుగుతా," అన్నాడు ఈదన్న నవ్వుతూ. జరిగాడు.

"బావా, ఆ చుట్టు మీద చుట్టు పడింది. విప్పి మళ్లీ చుట్టు."

"అట్లాగే." చుట్టాడు. నవ్వు కొంచెం తగ్గింది.

"బావా, ఒక్క నిమిషం. తాడు కొస అరచేతికి చుట్టుకోబాక. జారితే చెయ్యి నలుగుద్ది, నొప్పికి వదిలేస్తావు. ఊరికే పట్టుకో."

చుట్టూ పెంట జనం ఉన్నారు. అందరూ చూస్తున్నారు. ఎవడో వెనక నుంచి చిన్నగా దగ్గాడు. నవ్వినట్టు వినబడింది ఈదన్నకు.

"నువ్వు మొలతాడు కట్టక ముందు నుంచి ఈ బండ నాకు తెలుసురా!" అని గర్జించాడు. "నాకు తాడు పట్టడం నేర్పిస్తావా? నోరు మూసుకుని దిగు!"

బయ్యన్న దిగలేదు. అంచు మీదే నిలబడి ఉన్నాడు. పోతమ్మ జనంలోంచి వచ్చింది. అన్న ముందు గొంతుక్కూర్చుంది. వాడి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

"ఇటియ్యన్నా."

"చెల్లే... నోరు జారింది. అంతే! ఏదో నోరు..."

"నోరే జారిందన్నా. చెయ్యి ఇంకా జారలేదు. అందుకే ఇప్పుడే ఇమ్మంటున్నా."

తాడు తీసుకుని గురువమ్మకు ఇచ్చింది. ఆడమనిషి తాడు పట్టడమేమిటని ఎవరూ అనలేదు. గురువమ్మ మొగుడి వైపు చూడకుండా చెట్టు మొదట్లో కూర్చుని, కాళ్లు తన్నిపట్టింది. ఈదన్నను ఎత్తి, పది అడుగుల అవతల నీడలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి అంచు కనబడదు. మాటలు మాత్రం వినబడతాయి.

"ఒరేయ్ బయ్యా, ఎడమ కాలు కింద రాయి కదులుతోంది!"

"చూసినా అక్కా!"

"ఊగబాక!"

"ఊగను. పైకి లాగు, చోటు మారుద్దాం!"

అలా పొద్దంతా ఒకరి తప్పు ఒకరు చెప్పుకుంటూనే ఉన్నారు. మూడు డబ్బాల తేనె పైకి వచ్చింది. పెద్దవాడని మొదటి దొప్ప ఈదన్నకే ఇచ్చారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. "తిను బావా," అన్నాడు బయ్యన్న. ఈదన్న దొప్ప చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తేనెకు చీమలు పట్టేదాకా కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు వచ్చినా, వాడి చేతికి ఎవరూ తాడు ఇవ్వలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, మన తప్పు చెప్పేవాళ్లను కసిరి నోరు మూయిస్తే చివరికి మన చుట్టూ మెచ్చుకునేవాళ్లే మిగులుతారు, ప్రాణం మీదికి వచ్చినా వాళ్లు నిజం చెప్పరు. ఒక్క మాట పడలేనివాడిని నమ్మి ఎవరూ తమ ప్రాణం వాడి చేతిలో పెట్టరు.